నిండు చెంబూ, టైరు బండీ

మొన్న ఆదివారం మా అక్క కొడుకు ఓబులేసు కర్నూలు నుంచి నన్ను చూడటానికి వచ్చి, కాళ్లు కడుక్కోకముందే సంచిలోంచి ఒక ఇనుప వస్తువు తీసి నా బల్ల మీద పెట్టాడు. గుండ్రంగా, నున్నగా, చిన్న కల్వంలా బరువుగా ఉంది. "చిన్నమ్మా, ఇదేందో చెప్పు చూద్దాం" అన్నాడు. వాడికీ అరవై దాటాయి, బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు, తల మీద వెంట్రుక లేదు. అయినా నా ముందు కూర్చుంటే పొడుపుకథ వేసే పిల్లవాడే. నేను కళ్లజోడు మార్చుకుని, నడుమ వేలు పెట్టి తిప్పి చూశాను. లోపలెక్కడో గరగరమంది. "బేరింగు" అన్నాను. వాడు కొంచెం నిరాశపడ్డాడు. పాణ్యం దాటిన దగ్గర్నుంచీ కారు ముందు చక్రం మూలుగుతూ వచ్చిందట. నంద్యాల చేరగానే షెడ్డులో కొత్తది వేయించి, పాతది నాకు చూపిద్దామని తెచ్చాడు. "ఇప్పి గ్రీజు పెట్టలేదా?" అని అడిగితే నవ్వాడు. "దీన్ని ఇప్పేదానికి లేదు చిన్నమ్మా. సీలు వేసి వస్తాది. చెడిపోతే పారేసేదే."

బడిలో చదివే రోజుల నుంచీ డైరీ రాయడం నాకు అలవాటు. లెక్కల టీచరుగా పనిచేసినన్నాళ్లూ, రిటైరయ్యాక, మా ఆయన పోయాక కూడా ఒక్క రోజు మానలేదు. వాడు భోంచేసి కునుకు తీస్తుంటే నా డైరీల్లోకెల్లా పాతదాన్ని బీరువాలోంచి తీశాను. నాకు కావలసిన పేజీలో ఇంతే ఉంది: "ఆళ్లగడ్డ నుండి అక్కను తీసుకొని వచ్చితిమి. బండి బాగున్నది. వాన లేదు." నాకే నవ్వు వచ్చింది. వాన లేదని కూడా రాసుకున్నదాన్ని ఆ ప్రయాణంలో అసలు జరిగింది రాయలేదు. బహుశా మరిచిపోతానని అనుకోలేదేమో. మరిచిపోనూ లేదు. ఆ బండిలో ఓబులేసు కూడా మాతో వచ్చాడు, వాళ్లమ్మ కడుపులో.

అప్పట్లో మా ఇల్లు నంద్యాలకు ఒక కొసన, కాలువకు దగ్గరగా ఉండేది. ఊరి బయట నల్లరేగడి చేను, ఒక జత ఎద్దులు, ఒక కొయ్యబండి మా నాయన ఆస్తి. ఆ బండికి కందెన చేయడం మా జేజి పని. జేజి అంటే నాయన తల్లి. వరిగడ్డి కాల్చి, ఆ మసిని ఆముదంలో కలిపి, పాత ఇనుప మూకుడులో చేత్తోనే మెదిపి, వెదురు గొట్టంలో నింపి బండి కింద వేలాడదీసేది. పశువుల కొట్టమంతా ఆ వాసనే. పేడ వాసన, గడ్డి వాసన దాని తరువాతే. నాయన సీల ఊడదీసి చక్రాన్ని కొద్దిగా బయటికి లాగితే, జేజి వచ్చి ఇరుసుకు కందెన పూసి, వంగి చూసుకుని, "ఊ, తొయ్యి" అనేది. ఆ మాట ఆమె అనకుండా చక్రం లోపలికి పోయినట్టు నాకు జ్ఞాపకం లేదు. తాత నేను పుట్టకముందే పోయాడు. మా ఇంట్లో పట్టింపులు మరీ ఎక్కువేమీ కాదు. అయినా పండగనాడు బొట్లు పెట్టే చోట, అక్షింతలు వేసే చోట జేజి ఉండేది కాదు. ఎవరూ వద్దనేవారు కాదు. అందరూ గుమిగూడే వేళకు తనే ఏదో పని గుర్తొచ్చినట్టు కొట్టంలోకి పోయి, ఎద్దుల పక్కన కూర్చుని కందెన కలుపుకునేది.

అక్కను ఆళ్లగడ్డలో ఇచ్చారు. వాళ్ల అత్త నాగమ్మ భర్త పోయాక ఇద్దరు కొడుకులనూ సేద్యాన్నీ ఒంటి చేత్తో నిలబెట్టిన మనిషి. మాట కట్టె విరిచినట్టు ఉండేది. అక్కకు అది మొదటి కాన్పు. ఏడో నెలలో పుట్టింటికి పిలుచుకురావడం మా ఆచారం. ఆ సంగతి మాట్లాడి రావడానికి నాయన కొయ్యబండి కట్టుకుని పోతే, నాగమ్మత్త వాకిట్లోనే నిలబెట్టి చెప్పింది.

"అన్నా, నీ బండి వీధి కొసన ఉండంగనే నా ఇంట్లో కుండలు అదిరినాయి. ఈ బండిలో నేను పిల్లను పంపేది లేదు."

"బస్సులో పిలుచుకోని పోతాలే అక్కా."

"బస్సా? ఆ బస్సులో నంద్యాలకు పోయొచ్చి నేనే నడుము పట్టి పండుకున్యా. కడుపుతో ఉండే పిల్లనా? ఈడనే కంటాది. మా ఊర్లో మంత్రసాని లేదనుకుంటివా?"

నాయన బతిమాలాడు. ఆమె కాస్త ఆలోచించి, చేతిలో ఉన్న చెంబు చూపించింది. "దీన్నిండా నీళ్లు పోసి బండిలో పెట్టుకోని, మా వీధి కొస నుంచి నా వాకిలి దాకా రా. తొణక్కుంటే తీసుకోని పో." నాయన తిరిగి బండెక్కుతుంటే అక్క తలుపు చాటు నుంచి, "నాయనా, జేజి చేసే ఊరుబిండి తినాలనుంది" అందట. అది శనగవిత్తనాల, అంటే వేరుశనగ పప్పుల పచ్చడి, ఎవరైనా చేస్తారు. కానీ జేజి రోట్లో నూరితేనే అక్కకు అది ఊరుబిండి. 

ఆ తరువాత కొన్నాళ్లు నాయన చేనికి పోతున్నానని చెప్పి లారీ షెడ్డులో కూర్చుని వచ్చాడు. పంచె మీది మరకలు చూసి అమ్మ కనిపెట్టింది. చివరికొక రోజు పాత మోటారు కారు ఇరుసును, దాని రెండు టైర్ల చక్రాలతో సహా, మా కొయ్యబండి మీదనే వేసుకుని ఇంటికి తెచ్చాడు. వడ్రంగిని పిలిపించి దాని మీద పలకలు వేయించాడు. బేరింగులకు గ్రీజు పెట్టి బిగించే పని షెడ్డువాళ్లు తామే చేస్తామన్నా ఒప్పుకోలేదు. "నా బిడ్డ కూర్చునే బండి. నట్టు నా చేత్తో బిగిస్తేనే నాకు నిద్ర పట్టేది" అన్నాడు. పని నేర్చుకున్నాడు కాబట్టి ఆ మాట అనే ధైర్యం కూడా వచ్చింది.

ఆ పని మార్నామి పండగనాటికి పడింది. ఆయుధపూజ రోజన్నమాట. మరునాడు విజయదశమి, బయలుదేరడానికి పంచాంగం చూడనక్కర్లేదు. వాకిట్లో ఉతికిన తెల్ల పంచె పరిచి, నాయన దాని మీద బేరింగులు పేర్చాడు. ఒక్క ఇసుక రేణువు లోపల పడినా చక్రం పాడవుతుందని షెడ్డులో విని వచ్చాడు. ఇంకేముంది, ఇంటికంతా ఆజ్ఞలు జారీ అయ్యాయి.

"ఈ పొద్దు వాకిలి చిమ్మొద్దు. చాట చేతపట్టొద్దు. కోళ్లను గంప కింద వేయండి."

"పండగ పూట వాకిలి చిమ్మకుంటే ఇంట్లోకి లక్ష్మి వస్తాదా?" అంది అమ్మ.

"నీ లక్ష్మినే రేపు పోయి తెస్తాండా గదా మే. ఈ పొద్దుకు ఊరుకో."

జేజి వెదురు గొట్టం పట్టుకుని వచ్చి చాలాసేపు నిలబడింది. "రోంత కందెన కూడా పూయరాదా అప్పా?" అని అడిగింది. నాయన తలెత్తకుండానే, "వద్దుమా. మసి పడితే ఇది చెడిపోతాది. దీనికి గ్రీజే" అన్నాడు. జేజి గొట్టానికి మూత పెట్టి, "చప్పుడు చేయకుండా పోయే బండిని ఎద్దులైనా నమ్ముతాయా" అని గొణుక్కుంటూ అరుగు మీద కూర్చుంది.

గ్రీజు దూర్చే పని నాకు వచ్చింది. నాయన అరచేతులు కాయలు కట్టి, ఆ పగుళ్లలో రేగడి మట్టి ఏ సబ్బుకూ పోయేది కాదు. అమ్మ చేతులకు పండగ పసుపు. నేను స్కూల్ ఫైనలు రాసి ఇంట్లో ఉన్నదాన్ని, శుభ్రమైన చేతులు నావే. ముందు బేరింగును కిరసనాయిలులో ముంచి, పాత గ్రీజు మొత్తం పోయేదాకా కుంచెతో కడగాలి. నీడలో ఆరనివ్వాలి. ఎడమ అరచేతిలో నిమ్మకాయంత గ్రీజు పెట్టుకుని, బేరింగు అంచును దానికి ఆనించి నొక్కుతూ లాగాలి. మురుకుల గొట్టంలోంచి పిండి దిగినట్టు అవతలి పక్క గుండ్ల సందుల్లోంచి గ్రీజు బయటికి రావాలి. అప్పుడు కొంచెం తిప్పి మళ్లీ అక్కడ. చుట్టూ అలా వచ్చేదాకా వదలకూడదు. పైపైన పూస్తే లోపల ఎండిపోయే ఉంటుంది. ఆ జిగురు, ఆ చల్లదనం, గ్రీజులోని ఆ దట్టమైన వాసన నాకు అంత ఇష్టమవుతాయని అనుకోలేదు. తరువాత ఎన్నో ఏళ్లు పిల్లలకు లెక్కలు చెబుతూ, ఒక పద్ధతిని చివరిదాకా పట్టుకుపోవడంలోని సుఖం నాకు మొదట తెలిసింది బేరింగు దగ్గరే కదా అనుకునేదాన్ని.

ఎడమ చక్రం బిగించేశాం. కుడి చక్రానికి లోపలి బేరింగు వేసి, రెండు బేరింగుల నడుమ ఖాళీగా ఉండే బోలులో గ్రీజు పూసి, బయటి బేరింగు ఇంకా పంచె మీద ఉండగా అమ్మ అన్నానికి పిలిచింది. అలసంద వడల వాసన అప్పటికే వాకిట్లోకి వచ్చేసింది. "అమ్మా, రోంతసేపు ఈడ కూర్చో. గంప కిందనుంచి కోళ్లు వచ్చినా వస్తాయి" అని జేజిని కాపలా పెట్టి లోపలికి పోయాం. తిని వచ్చేసరికి జేజి అక్కడే, అలాగే కూర్చుని ఉంది. బోలులోని గ్రీజు నేను పూసిన దానికంటే నునుపుగా కనిపించింది. నా పనితనమే అనుకుని మురిసిపోయాను. బయటి బేరింగు వేసి, నాయన నట్టును గట్టిగా బిగించి, మళ్లీ కొంచెం వదిలి, పిన్ను గుచ్చాడు. చక్రాన్ని ఎత్తి పట్టి చేత్తో ఒక్క తోపు తోస్తే అది ఆగకుండా తిరుగుతూనే ఉంది. అందరం నోరు తెరుచుకుని చూశాం. అమ్మ టైర్లకు పసుపు కుంకుమ పెట్టి, అక్షింతలు చల్లి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ఆ వేళకు జేజి కొట్టంలోకి వెళ్లిపోయింది.

మరునాడు తెల్లవారుజామున నాయనా నేనూ బయలుదేరాం. అక్కకు తోడు ఆడమనిషి ఉండాలి, అమ్మ ఈనిన బర్రెను వదిలి రాలేదు. బండి నీళ్ల మీద పోయినట్టు పోతోంది. ఎడమ పక్క నల్లమల కొండల వెనక నుంచి పొద్దు పొడిచింది. నాయన కూనిరాగం తీస్తున్నాడు. ఊరు దాటి కొంతదూరం పోయాక కుడి చక్రంలో "పటుక్" అంది. నాయన రాగం ఆగింది. కొంచెం పోయాక మళ్లీ "పటుక్".

"ఏందది పాపా?"

"ఏమో నాయనా. కొర్రలు నమిలినట్టుంది."

"నువ్వు గ్రీజు బాగా దూర్చినావా?"

"సందుల్లోంచి వచ్చేదాకా దూర్చినా. నువ్వు నట్టు వదలాల్సినంత వదిలినావా?"

"వదిలినాలే."

ఒకరి పనిని ఒకరు అనుమానించుకుంటూ శిరివెళ్ల దాకా మాట్లాడుకోలేదు. అక్కడ ఎద్దులకు నీళ్లు పెట్టి నాయన చక్రం నడుమ చెయ్యి ఆనించి చూశాడు. వేడి లేదు. వేడి లేకుంటే పోవచ్చని షెడ్డులో చెప్పారట. అయినా ఆయన ముఖంలో వెలుగు పోయింది. "చప్పుడే ఉండదని మీ అక్క అత్తకు కబురు పెట్టినా పాపా. ఆమె చెవులు మామూలివి కాదు" అన్నాడు. ఒకవేళ ఆమె కాదంటే అక్క అక్కడే ఉండిపోతుంది. నేను ఒడిలోని ఊరుబిండి గిన్నెను గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. అది జేజి కట్టి ఇచ్చింది, అక్క రాకుంటే ఇచ్చి రమ్మని.

ఎండ వాలే వేళకు ఆళ్లగడ్డ చేరాం. నాగమ్మత్త వీధి కొసకు తనే ఎదురొచ్చి, చెంబును అంచులదాకా నింపి బండి నడుమ పెట్టింది. పెట్టి, పక్కనే నడిచింది. వీధి వీధంతా అరుగుల మీదికి వచ్చింది. నీళ్లు వణికాయి, అంచుకు ఎగబాకాయి, వెనక్కి పోయాయి. నా ఊపిరి కూడా వాటితోనే పోయి వచ్చింది. వాకిలి ముందు బండి ఆగేసరికి పలక మీద ఒక్క చుక్క లేదు. నాయన మీసం మీద చెయ్యి వేయబోతుండగా, ఎద్దులు ఒక్క అడుగు ముందుకు కదిలి, కుడి చక్రం "పటుక్" అంది.

"నీళ్లు తొణకలేదు, సరే. ఆ చప్పుడేంది?"

"కొత్త బండి గదక్కా."

"కొత్తదానికి చప్పుడే ఉండదంటివే. పొద్దున్నే ఇప్పి చూపించు."

పొద్దున్నే ఆమె వాకిట్లో, ఆమె పరిచిన దుప్పటి మీద చక్రం విప్పాం. నాయన పిన్ను తీసి, నట్టు తిప్పి, బేరింగును బయటికి లాగాడు. నల్లటి గ్రీజులో ఏదో పచ్చగా మెరిసింది. లోపలి ఇత్తడి ముక్క విరిగిందనుకుని నాయన అలాగే కూలబడ్డాడు. నేను వేలితో తుడిచి చూశాను.

"ఇత్తడి కాదు నాయనా. బియ్యం."

"బేరింగులో బియ్యమేంది?"

"పసుపు బియ్యం. అచ్చింతలు."

 నాగమ్మత్త వంగి చూసింది. చక్రం బోలులో, గ్రీజు అడుగున, ఇంకా చారెడు గింజలున్నాయి. బండి నడిచేకొద్దీ ఒక్కొక్కటే గుండ్ల మధ్యకు వచ్చి నలిగినట్టుంది.

"మీ అమ్మ పెట్టింటాదా?" అని నాయన నన్నడిగాడు.

"అమ్మ టైరు మీద వేసింది. అదీ బిగించినంక."

"ఇది ఇప్పి పెట్టినప్పుడు కాపలా ఎవరున్న్యారు?" అని నాగమ్మత్త అడిగింది.

"మా అమ్మ" అని నాయన ఠక్కున ఆగిపోయాడు.

నాగమ్మత్త మెట్టు మీద కూర్చుంది. ఆమె తిడుతుందనుకున్నాను. నాయన కూడా అదే అనుకున్నట్టుంది, నట్టును రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఆ గింజల వైపే చూస్తూ అంది. "ఎదురుగా వేసే మనిషి పైనే వేస్తాది గదన్నా. ఇంత లోపల, ఎవరికీ కనపడకుండా పెట్టిందంటే..." అని ఆ మాట సగంలో వదిలేసింది. "నా కొడుకు పెండ్లిలో, మీరంతా పందిట్లో ఉన్నప్పుడు నేను యాడుంటినో నీకు తెల్సునా? వంటింట్లో బూందీ గంపకు కాపలా ఉంటిని. నీ బిడ్డ తల మీద నేనూ ఒక్క గింజ వేయలేదు."

తరువాత లేచి, ఎప్పటి గొంతుతోనే నాకు పని చెప్పింది. "పాపా, ఆ గింజలు పారేయాకు. ఏరు." నేను వాటిని ఏరి తమలపాకులో పెట్టాను. బేరింగును మళ్లీ కిరసనాయిలులో కడిగి, మొదటి నుంచీ గ్రీజు దూర్చాను. నాగమ్మత్త పక్కనే కూర్చుని చివరిదాకా చూసింది. అప్పుడు అక్కను కేకేసింది.

"తల వంచు."

"ఏంది అత్తా ఈ వాసన?"

"మీ జేజి అచ్చింతలు."

"నల్లగుండాయి గదత్తా."

"లోపలంతా పచ్చనే. వంచు మే."

అక్క వంచింది. గింజలు పడ్డాక కూడా ఆమె చెయ్యి అక్క తల మీద కొంచెంసేపు ఉంది. నాయన నట్టును అరచేతిలో తిప్పుతూ, "అయితే పంపిస్తావా అక్కా?" అన్నాడు. "నీళ్లు తొణకలేదు గదన్నా. నిన్ననే పంపినట్టు. చప్పుడేందో తెలుసుకుందామని ఇప్పించినా, అంతే" అందామె. నాయన నట్టు బిగించి, వదిలి, పిన్ను గుచ్చే దాకా ఆమె చేతుల వైపు ఒక కన్ను వేసే ఉన్నాడు.

శిరివెళ్లలో తెలిసినవాళ్ల ఇంట్లో ఒక రాత్రి ఆగి, మరునాడు ఇల్లు చేరాం. బండి దారంతా నోరు మెదపలేదు. అమ్మ దిష్టి తీసి అక్కను లోపలికి తెచ్చేసరికి జేజి కొట్టంలోంచి వచ్చి, ఏమీ ఎరగని ముఖంతో, "దావలో చప్పుడేమన్నా అయ్యిందా అప్పా?" అని నాయనను అడిగింది. "లేదుమా. మెత్తగా పోయింది" అన్నాడు నాయన. తన కందెన లేకున్నా బండి చప్పుడు చేయలేదా అని ఆమె కొంచెం చిన్నబుచ్చుకున్నట్టే కనిపించింది. అక్కను దగ్గరికి తీసుకుంది. తీసుకుని, తల వాసన చూసి, వెనక్కి జరిగింది.

"నీకు ఆడ తలకు ఏం నూనె పెట్టినారు మే?"

"నువ్వు పంపించిన నూనే జేజి. మా అత్త పెట్టింది."

జేజి నాయన వైపు చూసింది. నాయన ఎద్దుల పలుపులు విప్పుతూ ఎటో చూశాడు. జేజి లోపలికి పోయి శనగవిత్తనాలు వేయించడం మొదలుపెట్టింది. ఆ వాసన వాకిటి దాకా వచ్చింది. నాకు తెలిసి ఆ సంగతి వాళ్లిద్దరూ ఎప్పుడూ ఎత్తలేదు. కానీ ఆ తరువాత ఏటా చక్రాలు విప్పి గ్రీజు పెట్టినప్పుడల్లా, నాయన బయటి బేరింగు చేత పట్టుకుని, జేజి వచ్చి వంగి చూసి "ఊ, తొయ్యి" అనేదాకా ఆగేవాడు.

అప్పటి రోజులే మంచివని నేననను. ఓబులేసు కర్నూలు నుంచి పొద్దున కాఫీ తాగి బయలుదేరితే నా కాఫీ వేళకు వచ్చేస్తాడు, నడుము నొప్పి మాటే ఉండదు. కడుపుతో ఉన్న పిల్లను ఎవరూ చెంబు నీళ్లతో తూకం వేయరు. ఇక జేజి కొట్టంలోకి తప్పుకున్న ఆ పండగలు తిరిగి రావాలని ఎవరు కోరుకుంటారు? మా ఇంట్లో ఏ శుభకార్యమైనా నా కోడలు ముందు నా చేతికే పళ్లెం ఇస్తుంది. ఒక్కటే అనిపించింది, బల్ల మీది ఆ ఇనుప ముద్దను మరోసారి తిప్పి చూస్తే. దాన్ని ఎంత వెతికినా వేలు దూరే సందు లేదు. ఒక ఇంటివాళ్లు కూర్చుని, కడిగి, దూర్చి, బిగించి, ఒకరినొకరు అనుమానించుకునే వీలు దానిలో లేదు.

సాయంత్రం ఓబులేసు బయలుదేరుతుంటే, "కొత్త చక్రానికి పూజ చేయించినావా?" అని అడిగాను. "చక్రం మొత్తం కాదు చిన్నమ్మా, లోపలి సామానే మార్చింది. దానికి పూజేంది" అన్నాడు. కోడలిని పిలిచి కాసిని బియ్యంలో పసుపు కలిపి తెమ్మన్నాను. పళ్లెం పట్టుకుని వీధిలోకి వచ్చాను. ఎదురింటివాళ్లు, పూలమ్మే ఆమె అందరూ చూస్తున్నారు. కారు చుట్టూ ఒకసారి తిరిగాను. ఎక్కడా తెరిచిన చోటు లేదు. వాడు నవ్వుతూ కాళ్లకు మొక్కబోతే, ఆ గింజలన్నీ వాడి తల మీదే వేశాను. బట్టతల మీద ఏం నిలుస్తాయి, జారి మెడ మీదుగా చొక్కాలోకి పోయాయి. వాడు కాలరు లాగి దులపబోయాడు.

"ఉండనీరా" అన్నాను. "అవి లోపలే ఉండాల."